నమూనా పంపిణీ

మొన్న పొద్దున్నే మా పాత విద్యార్థుల గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. కింద "మన సార్ ఇక లేరు" అని ఉంది. ఫోటోలో సారు చొక్కా జేబుకు రెండు పెన్నులు, ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది. ఆ తర్వాత గంటసేపు నమస్కారాల బొమ్మలే. ఎవరో "గొప్ప గురువు" అన్నారు. ఇంకొకడు "ఆయన వల్లే ఈరోజు ఇలా ఉన్నాను" అన్నాడు. వాడు ఎలా ఉన్నాడో నాకు తెలుసు కాబట్టి ఆ మాట ఒక్కటి నిజమే అనుకున్నాను.

నేను నమస్కారం పెట్టలేదు. బతికున్నప్పుడు భయంతో నోరు మూసుకున్నాను. పోయాక మర్యాదతో మూసుకుంటే ఇక ఈ జన్మకు తెరవను. అందుకని రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. పేరు రాస్తే అటువంటివాడు ఆయన ఒక్కడే అనుకుంటారు.

వనపర్తిలో ఇంటర్ చదువుతున్నప్పుడు మాకు అర్థశాస్త్రం చెప్పేవాడు. దాని వెంట గణాంకాల పాఠాలు కూడా ఆయన నెత్తిన పడ్డాయి. మనిషిది గద్వాల. శనివారం మధ్యాహ్నం నుంచే ఆయన చూపు బస్టాండు వైపు ఉండేది. నేను వీపనగండ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండేదాన్ని.

క్లాసులోకి రాగానే జేబురుమాలుతో కుర్చీ దులిపేవాడు. అటు తిప్పి, ఇటు తిప్పి, కాళ్లతో సహా దులిపేవాడు. తర్వాత చాక్‌పీసు తీసి చెవి మీద పెట్టుకునేవాడు. గంట కొట్టేదాకా అది అక్కడే ఉండేది. బోర్డు మీద రాయడం ఆయనకు గిట్టదు. చూసి చదవడం, మేము రాసుకోవడం. ఒక్కో నిర్వచనం అయిపోగానే "సమజైందా?" అని అడిగి, మా మొహాల వైపు చూడకుండానే "అయింది" అని తనే చెప్పుకునేవాడు. ఆ రెండు మాటల మధ్య గాలి కూడా దూరేది కాదు.

ఆయనను కాలేజీ బయట చూడాలంటే కూరగాయల అంగడిలో చూడాలి. ముందురోజే మాకు నమూనా గురించి చెప్పి ఉంటాడు. మొత్తం సరుకు చూడనక్కర్లేదు, కొంచెం చూస్తే చాలు, అదీ నమూనా గొప్పతనం అని. మర్నాడు బెండకాయల గంప ముందు గొంతుక్కూర్చుని ఒక్కో కాయ తోక విరిచి చూసేవాడు. పావు కిలో కొనడానికి కిలో తోకలు విరిచేవాడు. ఒకసారి ఆ అమ్మే ఆమె నా ముందే అడిగింది. "సారూ, అన్నిటి తోకలు నువ్వే ఇరుస్తే మిగిలినయ్ నేనెవరికి అమ్మాలె?" ఆయన చేతులు దులుపుకుని లేచి, "లేతవి లేవు నీ కాడ" అని పక్క గంప ముందు కూర్చున్నాడు. ఆయన నమూనా శాస్త్రం ఆయన ఇంటికి చేరేది కాదు. అది మాకోసమే.

ఇక ఆ పాఠం సంగతి. మా తెలుగు పుస్తకాలు ఆ ఏడు సగం సంవత్సరం దాకా రాలేదు. ఆయన ఒక ఇంగ్లీషు గైడు పట్టుకొచ్చి అక్కడికక్కడే తెలుగు చేసి చెప్పేవాడు. 'శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్' అన్న మాట దగ్గర ఆగిపోయాడు. చెవి మీది చాక్‌పీసు తీసి చూసి, మళ్లీ చెవి మీదనే పెట్టుకున్నాడు.

"డిస్ట్రిబ్యూషన్ అంటే ఏంది? రేషన్ దుకాణంల ఏం జేస్తరు?"

"బియ్యం పంపిణీ జేస్తరు సార్," అన్నాడు ముందు బెంచివాడు.

"గదే. శాంపిల్ అంటే నమూనా. డిస్ట్రిబ్యూషన్ అంటే పంపిణీ. నమూనా పంపిణీ. రాసుకోన్రి. జనాభా నుండి గ్రహించిన నమూనాలను సమానముగా పంచుటయే నమూనా పంపిణీ అనబడును. సమజైందా? అయింది."

తెలియకపోవడం తప్పు కాదు. తెలియదని అరనిమిషం కూడా ఒప్పుకోకుండా దాటేయడానికి ఒక ప్రతిభ కావాలి. అది ఆయనకు దండిగా ఉండేది. అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాడు ఇంటి చేను నుంచి వచ్చిన పల్లికాయ సంచి ఒకటి క్లాసుకు మోయించుకొచ్చాడు. ఒక్కొక్కరి దోసిట్లో లెక్కగా పది కాయలు పెట్టుకుంటూ పోయాడు. నలభై ఆరుగురం. చివరి బెంచీ దాకా పంచి, తిరిగొచ్చి, చేతులు రుమాలుతో తుడుచుకుని, "గిదే నమూనా పంపిణీ. ప్రాక్టికల్ గూడ అయిపోయింది," అన్నాడు.

మేము ఒలుచుకు తినడం మొదలుపెట్టాం. నా పక్కన కూర్చునే షాహీనా మాత్రం తినలేదు. ఆమెది అమరచింత. వాళ్ల నాన్న అక్కడ గాజుల అంగడి నడిపేవాడు. రోజూ బస్సులో వచ్చిపోయేది. పాఠాలు వల్లెవేయడం రాదు, మధ్యలో తడబడేది, అందుకని సారు దృష్టిలో మొద్దు. ఆ రోజు తన పది కాయలు ఒలిచి బల్ల మీద పరిచింది. వాటిలో మూడు లొట్టవి, అంటే లోపల గింజ లేనివి. నావి లాక్కుని ఒలిచింది. నాకు రెండు. వెనక్కి తిరిగి వెనక బెంచీవాళ్లను అడిగింది. తర్వాత లేచి నిలబడింది.

"సార్, అందరికి ఒక్క తీరుగ రాలే. నాకు మూడు లొట్టవి. దీనికి రెండు. ఎనక ఒకామెకు అయిదు. గని చానమందికి రెండో మూడో వస్తున్నయ్. మల్ల పంచితె గూడ గట్లనే వస్తయా సార్? వస్తే, సంచంత ఒలువకుండనే సంచిల ఎన్ని లొట్టవున్నయో చెప్పొచ్చు గద?"

క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను. సారు ఆమె వైపు కాసేపు చూసి అన్నాడు. "తినమని ఇచ్చిన. లెక్కవెట్టమని ఇచ్చిన్నా? కూసో."

ఆమె చెప్పినదే పాఠం. ఒకే సంచిలోంచి మళ్లీ మళ్లీ పిడికిళ్లు తీస్తే ఒక్కో పిడికిలి ఒక్కో తీరుగా ఉంటుంది, అయినా అన్నీ కలిపి చూస్తే వాటికొక వరస ఉంటుంది, ఆ వరస పట్టుకుని సంచి సంగతి చెప్పొచ్చు. ఆ ఇంగ్లీషు మాటకు అర్థం ఇంతే. పంచడానికీ దానికీ సంబంధం లేదు. ఈ సంగతి నాకు ఐదేళ్ల తర్వాత, యూనివర్సిటీలో ఒక మేడమ్ చెప్తే తెలిసింది. తెలిసిన క్షణాన నాకు నోట్లో పల్లికాయ రుచి తగిలింది, సిగ్గు కూడా వేసింది.

షాహీనా ఊరుకోలేదు. మధ్యాహ్నం అన్నాల గంటలో బెంచీ బెంచీకి తిరిగి ఎవరికెన్ని లొట్టవి వచ్చాయో అడిగి నోటుబుక్కులో గళ్లు గీసి రాసుకుంది. లెక్క చూడకుండా తిన్నవాళ్లను తిట్టింది. "ఇది ఏందో ఎవరికన్న తెలిసే ఉంటది," అంది నాతో. ఎవరినన్నా అడగాలని ఆమె పట్టుదల. నాకు అదంతా చాదస్తంగా అనిపించింది.

రెండు వారాల తర్వాత కాలేజీకి తనిఖీ వస్తుందని తెలిసింది. సారులో నేను చూసిన అసలు పాండిత్యం అప్పుడు బయటికి వచ్చింది. ఆయనకు క్లాసులో ముగ్గురు శాంపిల్ పిల్లలు ఉండేవాళ్లు. ఇద్దరు అబ్బాయిలు, ఒక అమ్మాయి. ఆ అమ్మాయిని నేనే. "మీరు నా శాంపిల్," అని మా వీపు తట్టేవాడు. మేము ముగ్గురం ఉబ్బిపోయేవాళ్లం.

మమ్మల్ని స్టాఫు రూముకు పిలిచి చెప్పాడు. "వాళ్లు రిజిస్టరు చూసి ఏదో నంబరు పిలుస్తరు. ఏ ఆడపిల్ల నంబరు పిలిచినా నువ్వు లే. మగపిల్లలైతె వీళ్లిద్దర్ల ఒకడు లేస్తడు. ఇద్దర్ని అడుగుతరు, చాయ్ తాగుతరు, పోతరు."

"మరి పేరు గూడ పిలుస్తరు గద సార్?" అన్నాను.

"ఆ పేరు నీదే అనుకో. ముస్లిం పిల్ల పేరొస్తే బొట్టు బిళ్ల తీసి లే. ఎదురుంగ కూసుంటవు, జర ఉషారుండాలె."

అబ్బాయిల్లో ఒకడు అడిగాడు. "సార్, యాదృచ్ఛికంగ పిలువాలని మీరే చెప్తిరి గద?"

"పిలువనియ్. వాళ్ల పిలుసుడు వాళ్లది, మన ఏర్పాటు మనది," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో ఉన్న తృప్తి నేను పాఠం చెప్పేటప్పుడు ఏనాడూ చూడలేదు.

ఏడుగురిని ఆ రోజు ఇంటి దగ్గరే ఉండమన్నాడు. వాళ్ల చోట్లలో మొదటి సంవత్సరం పిల్లలను కూర్చోబెట్టే ఏర్పాటు. ఆ ఏడుగురిలో షాహీనా ఉంది. "నేనెందుకు సార్?" అని అడిగింది. "గిందుకే. నువ్వు అడుగుతవు. గా రోజు అడిగేది వాళ్లు," అన్నాడు.

అయినా వచ్చింది. ఆ నోటుబుక్కు పట్టుకుని వచ్చింది. "వచ్చే సార్‌కు చూపిస్త. ఆయనకన్న తెల్వాలె గద," అని నా చెవిలో చెప్పింది. సారు వరండాలోనే చూశాడు. అరవలేదు. ఆయన ఎప్పుడూ అరిచేవాడు కాదు, కొట్టేవాడు కూడా కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. "నీళ్ల ట్యాంకు కాడ నిలవడు. వాళ్లు పోయినంక రా," అన్నాడు. నీళ్ల ట్యాంకు మా క్లాసు కిటికీ పక్కనే ఉంటుంది.

తనిఖీకి వచ్చినాయన నిజాయితీపరుడు. రిజిస్టరు తెరిచి, కళ్లు మూసుకుని వేలు పెట్టాడు. కళ్లు తెరిచి చదివాడు. "ఇరవై మూడు. షాహీనా బేగం."

నేను బొట్టు బిళ్ల గోటితో తీసి బల్ల అంచుకు కింద అతికించి లేచాను. "శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్ అంటే ఏంటమ్మా?" అన్నాడాయన. జనాభా నుండి గ్రహించిన నమూనాలను సమానముగా పంచుటయే అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన తల ఊపాడు. "వెరీ గుడ్ షాహీనా," అన్నాడు. "థాంక్యూ సార్," అన్నాను.

కూర్చునేటప్పుడు కిటికీలోంచి ఆమె కనిపించింది. నోటుబుక్కు ఛాతీకి ఆనించి పట్టుకుని నా వైపే చూస్తోంది. కోపంగా కాదు. ఎవరో తన చెప్పులు వేసుకుపోతుంటే చూస్తున్నట్టు చూసింది. ఆ ఆవరణలో ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి ఒక్కతే, ఆమె ట్యాంకు పక్కన నిలబడి ఉంది. అడిగినాయనకు తెలియదు, చెప్పించినాయనకు తెలియదు, చెప్పిన నాకు తెలియదు. ముగ్గురమూ సంతోషంగా ఉన్నాం.

సాయంత్రం సారు మా ముగ్గురినీ హోటల్‌కు తీసుకుపోయి చాయ్, బన్ను ఇప్పించాడు. నేను తిన్నాను. బన్ను బాగుంది. అది కూడా రాయాలి.

షాహీనా ఇంకో వారం వచ్చింది. ఆ తర్వాత ఒక సాయంత్రం బస్టాండులో నాతో చెప్పింది. "మా అబ్బా అంటుండు, కాలేజోల్లే రావద్దన్నంక పోవుడెందుకని. అంగట్ల కూసోమంటుండు."

"నువ్వు రాకుంటే ఎట్ల?" అన్నాను. ఏదో అనాలి కాబట్టి అన్నాను.

"నేను రాకుంటే ఏమాగింది? నంబరు నడుస్తనే ఉన్నది గద," అంది. అమరచింత బస్సు వచ్చింది, ఎక్కిపోయింది. నేను పోయి వాళ్ల నాన్నతో మాట్లాడలేదు. సారుతో కూడా మాట్లాడలేదు. శాంపిల్ పిల్లలు అలా మాట్లాడరు. సారు మాత్రం ఆ ఏడాది చివరిదాకా ఇరవై మూడుకు హాజరు వేస్తూనే ఉన్నాడు. వచ్చిన రోజు బయట నిలబెట్టినవాడు, రాని రోజులన్నిటికీ వచ్చినట్టు రాశాడు. హాల్ టికెట్టు వస్తే తీసుకునేవాళ్లు లేక ఆఫీసు బీరువాలో పడి ఉండింది.

ఆయన నాకేం అన్యాయం చేయలేదు. డిగ్రీ సీటు కోసం నా సర్టిఫికెట్లు కావలసి వస్తే, గద్వాల పోయే బస్సు వదులుకుని ఆఫీసు దగ్గర కూర్చుని తెచ్చి ఇచ్చాడు. మంచివాడే కదా అంటారు. శాంపిల్‌కు మంచివాడే. మిగతా సంచి సంగతి ఎవరూ ఆయనను అడగలేదు.

ఇప్పుడు నేను నాగర్‌కర్నూల్లో ఇంటర్ పిల్లలకు గణాంకాలు చెప్తున్నాను. ఏటా ఆ పాఠం రోజున పల్లికాయలు తీసుకుపోతాను. ఒక్కొక్కరికి పది. ఒలిపిస్తాను, లొట్టవి లెక్క పెట్టిస్తాను, బోర్డు మీద గళ్లు గీసి రాయిస్తాను. పిల్లలకు పాఠం ఇట్టే అర్థమవుతుంది. పోయిన ఏడాది పైఅధికారులు చూసి మెచ్చుకుని, ఈ ఆలోచన ఎలా వచ్చిందమ్మా అని అడిగారు. "అలా తట్టింది సార్," అన్నాను. సారు నా చేత ఆమె నంబరు మీద జవాబు చెప్పించాడు. ఆమె పాఠాన్ని ఎవరూ చెప్పించకుండానే నాదని చెప్పుకున్నాను. ఆయనను అసహ్యించుకునేటప్పుడు ఈ సంగతి అడ్డం వస్తూ ఉంటుంది.

సంతాపసభ గద్వాలలో, ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. పెట్టింది ఆ ఇద్దరు శాంపిల్ అబ్బాయిల్లో ఒకడు. వాడిప్పుడు సొంత కాలేజీ నడుపుతున్నాడు. పోకూడదనే అనుకున్నాను, పోయాను. వెనక వరసలో కూర్చున్నాను. కాసేపటికి పక్కన ఒకామె వచ్చి కూర్చుని, చేతిలోని పెద్ద సంచి కాళ్ల దగ్గర పెట్టుకుంది. సంచిలోంచి అంగీల గుడ్డ కనిపిస్తోంది.

"ఏమే, బొట్టు వెట్టుకున్నవ్ గద ఇయ్యాల," అంది. అప్పుడు పోల్చుకున్నాను.

షాహీనా అమరచింతలో టైలరింగు చేస్తోందట. బడి పిల్లల యూనిఫారాలు కుడుతుందట. గుడ్డ కోసం గద్వాల వచ్చి, రోడ్డు మీద సారు ఫ్లెక్సీ చూసి లోపలికి వచ్చిందట. అంత మంది పిల్లలకు కొలతలెట్లా తీస్తావని అడిగాను. ఏదో మాట్లాడాలి కదా.

"అందరివి ఏడ తీస్త? కొందరివి తీస్త, దాన్ని వట్టి అందరికి కత్తిరిస్త. గని ముందు బెంచోల్లయే తీస్తే ఆగమే. పొట్టి పిల్లల్నే గద ముందుకు కూసోవెడ్తరు. అంగీలన్ని పొట్టిగైతయ్. గందుకే వరసకిద్దర్ని లేపుత, ఎనకటోల్లను గూడ."

ఆ హాల్లో మైకులో ఎవరో సారు బోధనా పటిమ గురించి చెప్తున్నారు. నాకు వినబడలేదు. చాలా ఏళ్లుగా నోట్లో ఉన్న మాట అప్పుడు అన్నాను. "నీ పల్లికాయల లెక్క ఉండె గద. మా పిల్లలకు అదే చెప్తున్న, ఏటేట. మంచిగ సమజైతది వాళ్లకు."

ఆమె మొహం వెలిగింది. "అవునా? గది నిజంగనే పాఠమేనా?"

"పాఠమే. నువ్వు చెప్పిందే పాఠం."

"అరే," అంది. ఆ తర్వాత మామూలుగా అడిగింది. "నా పేరు చెప్తవా మరి వాళ్లకు?"

నా చెయ్యి బొట్టు బిళ్ల మీదికి పోయింది. ఆమె ఇంకోసారి అడగలేదు. తల తిప్పి వేదిక వైపు చూసింది.

వేదిక మీద మా శాంపిల్ అబ్బాయి ఉత్సాహంగా ఉన్నాడు. మా బ్యాచ్ హాజరు పట్టీ కాపీ ఒకటి ఎక్కడో సంపాదించాడట. సారు గుర్తుగా పాత నంబర్లు పిలుస్తాను, వచ్చినవాళ్లు లేచి రెండు మాటలు చెప్పండి అన్నాడు. కళ్లు మూసుకుని కాగితం మీద వేలు పెట్టాడు. రెండు నంబర్లు అయ్యాయి. వాళ్లు లేచి సారు వల్లే ఇలా ఉన్నామని చెప్పి కూర్చున్నారు. మూడోసారి వేలు పెట్టి, పేరు చూడకుండానే పిలిచాడు.

"ఇరవై మూడు."

నా మోకాళ్లు లేచాయి. నేను లేవాలనుకోలేదు, అవే లేచాయి. కుర్చీలోంచి సగం లేచాక నా మోచేతి మీద ఒక చెయ్యి పడింది.

"ఇంక అలవాటు పోలేదా నీకు? కూసో," అంది షాహీనా.

ఆమె లేచింది. చున్నీ సరిచేసుకుని, అందరి మధ్య నుంచి నడిచి ముందుకు పోయింది. మా వాడు గుర్తుపట్టలేదు, మైకు మాత్రం ఇచ్చాడు. ఆమె సారు ఫోటో వైపు ఒకసారి చూసి, ఆ తర్వాత మా వైపు తిరిగింది.

"నేను ఇరవై మూడు. సారు నన్ను రావద్దన్నడు. గందుకే వచ్చిన," అంది.

మైకు వాడి చేతికిచ్చి, వెనక్కి వచ్చి, సంచి తీసుకుని బస్సు టైమైందని నాతో చెప్పి వెళ్లిపోయింది. ముందు వరసలోవాళ్లు, ఇందాక ఆ ఇద్దరికీ కొట్టినట్టే, చప్పట్లు కొట్టారు.